పాట అయిపోయాక

ఆ ఇంట్లో అందరూ భయపడేది ఒక ప్లగ్గుకి. దానికి ఎర్రదారం చుట్టి ఉండేది. సీడీ ప్లేయర్ వెనక నుంచి వచ్చే ఆ ప్లగ్గుని గోడకున్న సాకెట్లో పెట్టకూడదు, పక్కన నేలమీదున్న బూడిదరంగు ట్రాన్స్‌ఫార్మర్ పెట్టెలోనే పెట్టాలి. ప్లేయర్ జపాన్‌ది, దానికి కావలసింది వంద వోల్టులు. సైగాన్‌లో గోడలోంచి వచ్చేది రెండువందల ఇరవై. జపానువాళ్ళు వాడి వదిలేసిన సామాను ఓడలకొద్దీ తెచ్చుకుని మురిసిపోయే ఊరు కాబట్టి ఆ పొరపాటు జరగని వీధి లేదు. ఎదురింటివాళ్ళ రైస్‌కుక్కర్ అలాగే పోయింది. టప్‌మని ఒక చప్పుడు, కాలిన వాసన, ఆ తరవాత ఇంటిల్లిపాదీ ఒకర్నొకరు తిట్టుకోవడం.

ఈ ఇంట్లో పోయేది రైస్‌కుక్కర్ కాదు, త్రియూ ముసలాయన భార్య న్యాన్ గొంతు. ఆవిడ పోయి చాలా ఏళ్ళయింది. పోవడానికి ముందటి ఏడాది బజారు వెనక రికార్డింగు కొట్లో ఒక పాట పాడి సీడీ చేయించుకుంది. దక్షిణాదివాళ్ళు సాగదీసి సాగదీసి పాడుకునే వొంగ్ కొ పాట, రేవులో ఎదురుచూసే మనిషి గురించి. ఇప్పుడా సీడీ అంచుల్లో గోధుమరంగు తిరిగింది. కొత్త ప్లేయర్లు దాన్ని మింగి, కాసేపు గిర్రున తిప్పి, డిస్కు లేదని చెప్పి బయటికి ఉమ్మేసేవి. కంప్యూటర్లూ అదే వరస. ఈ పాత జపాను ప్లేయర్ ఒక్కటే ఓపిగ్గా చదివేది. ఫోనులో పట్టి వినిపిస్తే ముసలాయన మొహం చిట్లించి, "ఇది న్యాన్ కాదు, డబ్బాలో పడ్డ ఈగ" అన్నాడు. ఆయన గుండె ఒకసారి ఆగి, ఆసుపత్రిలో తిరిగి కొట్టుకోవడం మొదలుపెట్టిన గుండె. ఆ గొంతు కూడా పోతే ఆయన ఏమైపోతాడో అని ఇంట్లో అందరికీ లోపల బెంగే.

రోజూ మధ్యాహ్నం అన్నం తిన్నాక ఎడమ స్పీకర్ పక్కన చిన్న ప్లాస్టిక్ పీట వేసుకుని చెవి ఆనించి కూర్చునేవాడు. పాట అయిపోయినా లేచేవాడు కాదు. సీడీ తిరగడం పూర్తిగా ఆగేదాకా అలాగే ఉండేవాడు. కునికిపాట్లు పడుతున్నాడని కోడలు థోవా అనుకునేది. పక్కగదిలో కుట్టుమిషను చప్పుడు తగ్గించి, స్కూలు పిల్లల చొక్కాలకి కాజాలు చేత్తో కుట్టుకుంటూ ఉండేది.

ఒకరోజు ఆయన గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు.

"అమ్మాయ్, మీ అమ్మ దూరమైపోతోందే."

అత్తగారిని థోవా అమ్మా అనే పిలిచేది, మామగారిని నాన్నా అని. అయినా ఆ మాటకి ఆమె ఒళ్ళు జలదరించింది.

"అదేంటి నాన్నా, అలా అంటారు?"

"ఇదివరకు ఈ గదిలో పాడేది. ఇప్పుడు కాలవ అవతలి ఒడ్డున పాడుతోంది. మధ్యలో ఏదో గుయ్యిమంటోంది. తద్దినం నాటికి దాన్ని ఇవతలికి తీసుకురావాలి నువ్వు."

"నేనా! నాకేం తెలుసు? న్యత్ తావ్ బజారులో రిపేర్లు చేసే లోక్ బాబాయి ఉన్నాడుగా, ఆయన దగ్గరికి పట్టుకెళ్తాను."

"గడప దాటించడానికి వీల్లేదు. మోటారుసైకిల్ మీద ఆ గతుకుల్లో తీసుకెళ్తే దాని ప్రాణం దారిలోనే పోతుంది. నువ్వే చెయ్యి. అంత సన్నగా కాజాలు కుట్టేదానివి, ఆపాటి తీగలు నీకో లెక్కా?"

థోవా భర్త ఖియెమ్‌కి ఇసక పడవ మీద పని. తద్దినానికి తప్ప ఇంటికి రాడు. ఫోనులో ఈ సంగతి విని పెద్దగా నవ్వాడు.

"ముట్టుకోకే బాబూ. అది పాడైందంటే నాన్న మనిద్దర్నీ బయటికి గెంటేస్తాడు. నాకు పడవుంది పడుకోడానికి. నువ్వెక్కడ పడుకుంటావో ఇప్పుడే చూసుకో."

"నవ్వకండి. నాకు నిజంగానే భయంగా ఉంది."

"నాకు లేదనుకున్నావా?" అన్నాడు, నవ్వు ఆపి.

న్యత్ తావ్ బజారులో లోక్ కొట్టు పట్టుకోవడం తేలిక. పొట్టలు విప్పేసిన ఆంప్లిఫయర్లు ఎక్కడ ఎక్కువుంటే అదే. మధ్యలో లోక్ బనీనుతో కూర్చుని ఐసు వేసిన కాఫీ తాగుతున్నాడు. థోవా చెప్పిందంతా విని, ఆమె చేతులవైపు చూశాడు.

"వణుకుతున్నావేంటమ్మా?"

"భయం బాబాయ్."

"మంచిదే. భయం లేనివాళ్ళందరూ కాలిపోయిన పెట్టెలు పట్టుకుని వస్తారు నా దగ్గరికి. ఇలా కూర్చో. మొదట ప్లగ్గు పీకు. పీకి, టీ పెట్టుకుని తాగు. నెమ్మదిగా తాగు. ఎందుకో తెలుసా? ఇదిగో, ఈ చిన్న చిన్న గొట్టాలున్నాయే, కెపాసిటర్లు, ప్లగ్గు పీకినా ఇవి కరెంటు దాచుకుని కూర్చుంటాయి. మా ఆవిడ కోపం దాచుకున్నట్టు. టీ అయ్యాక ఈ చిన్న బల్బు తీగలు వాటి కాళ్ళకి తగిలించి చూడు. వెలిగిందా, ఇంకా లోపల ఉన్నట్టు. ఆరేదాకా ఉంచు. అప్పటిదాకా ఒక్క చెయ్యే పెట్టాలి లోపల. రెండోది వెనక్కి, నడుం మీద."

"రెండూ పెడితే?"

"కరెంటు ఈ చేతిలో ఎక్కి ఆ చేతిలో దిగుతుంది. దారిలో గుండెని పలకరించి పోతుంది."

థోవా మొహం చూసి ఆయనకే జాలేసినట్టుంది, గొంతు తగ్గించాడు. పని పెద్దదేమీ కాదన్నాడు. మూత రేకు పలచనిది, పాటతోపాటు అదీ వణుకుతుంది, లోపలివైపు తారు అట్ట అంటిస్తే నోరు మూసుకుంటుంది. అడుగున రబ్బరు కాళ్ళు రాయిలా బిగిసిపోయి ఉంటాయి, మెత్తనివి వెయ్యాలి. వెనక తీగలు గుచ్చే మూతులకి పట్టిన చిలుం పెన్సిలు రబ్బరుతో రుద్దాలి.

"సీడీని చదివే కన్నుంటుంది లోపల. స్పిరిట్లో తడిపిన దూదిపుల్లతో ఒక్కసారి అలా తుడిచి వదిలెయ్. పసిపిల్ల కంట్లో నలక తీసినట్టు. నొక్కావా, గుడ్డిదైపోతుంది. ఇక ఆ గుయ్యిమనడం ఉందే, అది ఎండిపోయిన కెపాసిటర్ల పని. ఇదిగో కొత్తవి, పాతవి పీకి వీటిని పెట్టు. ఒక్కోదాని పక్కన తెల్లగీత ఉంటుంది. పాతదాని గీత ఎటుందో కొత్తదాని గీతా అటే ఉండాలి. తిరగేశావా, మొహం మీద పేలుతుంది."

"బాబాయ్, నేను చెయ్యలేను."

"చేస్తావులే. ఇంకోమాట. పాతవి పారెయ్యకు, దాచిపెట్టు. కొత్త గొంతు నచ్చక మళ్ళీ పాతవే పెట్టమని ఏడ్చినవాళ్ళని చూశాను నేను. మనిషి చెవి ఎప్పుడేం అడుగుతుందో చెప్పలేం."

ప్లగ్గు పీకి టీ తాగాకే ముట్టుకోవాలట అని ఇంటికొచ్చి ముసలాయనకి చెప్పింది. రోజూ పొద్దున ఆయన రేవు దగ్గరికి పోయి పాత పడవవాళ్ళతో కూర్చుంటాడు. థోవా ఆ వేళల్లోనే పని చేసింది. మూత విప్పిన మొదటిరోజు లోపలికి చూసిందే తప్ప చెయ్యి పెట్టలేదు. దుమ్ము కింద ఒక చిన్న ఊరు పడుకున్నట్టుంది. ఏ ఇంటి తలుపు తట్టినా ఏం కొంప మునుగుతుందోనని మూత మళ్ళీ పెట్టేసింది. రెండోరోజు టీ తాగింది. చాలదని ఇంకో గ్లాసు తాగింది. ఎడమచెయ్యి వెనక్కి పెట్టుకుని, ఊపిరి బిగబట్టి సీడీని చదివే కన్ను తుడిచింది. అది ఉన్నచోటే కాస్త ఊగి ఆగేసరికి ఆమె పై ప్రాణాలు పైనే పోయాయి. ఆ మధ్యాహ్నం ముసలాయన పెట్టుకుంటే పాట మామూలుగా వచ్చింది. పక్కగదిలో థోవా గోడకి జారబడి కూర్చుండిపోయింది.

తారు అట్ట, రబ్బరు కాళ్ళు తేలిగ్గానే అయ్యాయి. కెపాసిటర్ల రోజు మాత్రం ఆమె పూర్వీకుల పీటమీద ఉన్న అత్తగారి ఫోటోకి అగరొత్తి వెలిగించి మరీ మొదలుపెట్టింది. బల్బు తగిలిస్తే ఒక్కసారి మెరిసి, నెమ్మదిగా ఆరింది. లోక్ మాట నిజమే. ప్లగ్గు పీకి, టీ తాగినా సరే, అది ఇంకా లోపలే ఉంది. లోక్ ఇచ్చిన వేడి కడ్డీతో టంకం కరిగించి పాతవి ఒక్కొక్కటే పీకి, గట్టిపాల డబ్బాలో వేసింది. కొత్తవి పెట్టేటప్పుడు ఒక్కో తెల్లగీతని వేలితో తడిమి, మళ్ళీ తడిమి, నమ్మకం చాలక టార్చి వేసి చూసింది. మూత బిగించి ఎర్రదారం ప్లగ్గుని బూడిదరంగు పెట్టెలో పెట్టి, మీట నొక్కి, మొహం పక్కకి తిప్పుకుంది.

ఏమీ పేలలేదు. సీడీ తిరిగింది. తంత్రివాద్యం మొదలైంది. ఆ తరవాత న్యాన్ పాడింది.

థోవా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. కాలవ అవతలి ఒడ్డున కాదు, ఈ గదిలో, బల్లకి ఇవతల నిలబడి పాడుతోంది ఆవిడ. చరణానికీ చరణానికీ మధ్య పెదాలు తడుపుకోవడం కూడా వినపడుతోంది. సంతోషం, భయం కలగలిసి వచ్చాయి. ఫోటోవైపు చూడటానికి ధైర్యం చాలలేదు. పాట చివరికి వచ్చింది, వాద్యం ఆగింది. ఇదివరకు ఈ చోట గుయ్యిమనే చప్పుడు తప్ప ఇంకేమీ ఉండేది కాదు. ఇప్పుడు ఆ చప్పుడు లేదు. నిశ్శబ్దంలో ఎవరో దగ్గారు. కుర్చీ జరిపిన చప్పుడైంది. న్యాన్ గొంతు మళ్ళీ వచ్చింది, పాట గొంతు కాదు, మాట గొంతు, చాలా మెల్లగా.

"అయిందా తమ్ముడూ? ఇంకోసారి పాడమనకయ్యా, గొంతులో నెత్తురు పడుతోంది. వైద్యుడు ఎప్పుడో చెప్పాడులే, ఇది మంచి జబ్బు కాదని. కింద రేవులో త్రియూ ఉన్నాడు, ఆయనకి చెప్పకు. చెప్తే పడవ అమ్మేసి ఆసుపత్రుల చుట్టూ తిప్పుతాడు. పడవ లేకపోతే ఆ మనిషి బతకడు. నేను లేకపోయినా ఎలాగో బతుకుతాడు."

థోవా గభాలున మీట నొక్కేసింది.

జబ్బు ఆవిడకే తెలియకుండా వచ్చిపడిందని ఇంట్లో అందరూ అనుకున్నారు. తెలిసేసరికి ఆలస్యమైందని, ఎవరి తప్పూ లేదని, ఆ ఒక్కమాట పట్టుకునే ముసలాయన ఇన్నేళ్ళు నిలదొక్కుకున్నాడు. పడవ కోసం ఆవిడ నోరు మూసుకుని చచ్చిపోయిందని ఆయనకి తెలియదు. పైగా ఆ పడవని, ఆవిడ పోయిన నెలలోనే, వచ్చిన మొదటి బేరానికి ఇచ్చేశాడు. ఇప్పుడీ మాటలు ఆయన చెవిన పడితే? అదీ తద్దినం నాడు, చుట్టాలందరి ముందు? ఆ ఇంటి పద్ధతి అది. అన్నం గిన్నె, తినే పుల్లలు పెట్టి, మూడు అగరొత్తులు వెలిగించి, పోయినవాళ్ళని భోజనానికి పిలుస్తారు. అవి ఆరేదాకా ఎవరూ పళ్ళెం ముట్టరు. ఆలోగా న్యాన్ సీడీ పెడతారు. అది దానంతటది ఆగేదాకా ఎవరూ ఆపరు. పిలిచిన మనిషిని పీటమీంచి చెయ్యి పట్టి లేపినట్టవుతుంది.

ఆమె కళ్ళు ఎర్రదారం మీద పడ్డాయి. ఆ ఆలోచన ఎలా వచ్చిందో ఆమెకే తెలియదు. ప్లగ్గుని పెట్టెలోంచి పీకి చేతిలోకి తీసుకుంది. గోడ సాకెట్ జానెడు దూరంలో ఉంది. ఒక్క పొరపాటు చాలు. ఊళ్ళో అందరూ చేసేదే, ఎవరూ అనుమానించరు. తిడతారు, అంతే. టప్‌మంటుంది, ఆ మాటలు ఇక ఎవరికీ వినపడవు. కానీ వాటితోపాటు పాట కూడా పోతుంది. ప్లగ్గు పట్టుకున్న చెయ్యి గోడదాకా వెళ్ళి ఆగింది, వెనక్కీ రాలేదు, ముందుకీ పోలేదు.

"ఏం చేస్తున్నావే?"

గుమ్మంలో ముసలాయన. టోపీ ఇంకా తలమీదే ఉంది.

"దు... దుమ్ము తుడుస్తున్నాను నాన్నా. తొందరగా వచ్చేశారే?"

ఆయన ఆమె చేతిలోని ప్లగ్గువైపు, గోడవైపు చూశాడు. టోపీ తీసి కొక్కేనికి తగిలించాడు.

"బాగైందా?"

"ఇంకా లేదు. టంకం ఆరాలి. ఇవాళ పెట్టకండి."

టంకం గట్టిపడటానికి ఊదేంత సేపు చాలు. అయినా ఆయన తలూపి, వెళ్ళి ఉయ్యాలమంచంలో పడుకున్నాడు.

సాయంత్రం కాలవగట్టుకి పోయి ఖియెమ్‌కి ఫోను చేసి అంతా చెప్పింది. అవతల పడవ ఇంజను చప్పుడు దూరమైంది, అతను పక్కకి జరిగినట్టుంది.

"అమ్మకి ముందే తెలుసా?" అన్నాడు. గొంతు చిన్నపిల్లాడి గొంతైపోయింది. "నేను కూడా అడిగాను తెలుసా, గొంతు ఎందుకలా ఉందని. పచ్చిమామిడికాయ తిన్నానంది."

"నన్నేం చెయ్యమంటారు?"

"నాన్న వినకూడదు. నీ కాళ్ళు పట్టుకుంటా, ఏదో ఒకటి చెయ్యి. ఆ గుండె తట్టుకోదు."

మర్నాడు పొద్దున థోవా టీ తాగి, మూత విప్పి, పాలడబ్బాలోంచి ఎండిపోయిన పాత కెపాసిటర్లని తీసి ఒక్కొక్కటే తిరిగి పెట్టి, కొత్తవి డబ్బాలో వేసింది. ఈసారి భయం కరెంటుకి కాదు. తప్పు చేస్తున్నానన్న భయం. బాగైన దాన్ని చేతులారా పాడుచేస్తుంటే ఫోటోలోంచి ఆవిడ చూస్తున్నట్టే అనిపించింది. చెప్పొద్దన్నది నువ్వేగా అమ్మా, అని లోలోపల గొణుక్కుంది.

తద్దినం రోజు ఇల్లు నిండిపోయింది. కొబ్బరినీళ్ళలో ఉడికించిన పంది మాంసం, గుడ్లు, మాంసం కూరిన కాకరకాయ పులుసు పీటమీద పెట్టారు. ఖియెమ్ వచ్చాడు గానీ తండ్రి కళ్ళలోకి చూడటం లేదు. ముసలాయన చెల్లెలు, అందరూ చిన్నత్త అని పిలిచే హ్వే, విసనకర్ర పట్టుకుని ముందువరసలో కూర్చుంది. ముసలాయన మూడు అగరొత్తులు వెలిగించి, నుదుటికి ఆనించి, బూడిద కుండలో గుచ్చాడు. థోవా మీట నొక్కింది.

గుయ్యిమంటూ పాట మొదలైంది.

"ఇదేనా నువ్వు చేసిన రిపేరు!" అంది హ్వే చిన్నత్త. "మా వదిన పాడుతుంటే పక్కన తేనెతుట్టె కదిపినట్టుందే. నెల్లాళ్ళు ఇల్లంతా స్పిరిట్ కంపు కొట్టించి సాధించింది ఇదా? కుట్టుమిషను పెట్టుకున్నంత తేలికనుకున్నావా?"

"అవునత్తయ్యా, నాకు రాలేదు," అంది థోవా. అనిపించుకున్నా ఫరవాలేదు, ఇంకా అనిపించుకోవడానికి కూడా సిద్ధమే.

పాట చివరికి వస్తోంది. థోవా చూపంతా అగరొత్తుల మీదే. ఇంకా వేలెడంత మిగిలి ఉన్నాయి. వాద్యం ఆగింది. గుయ్యిమనే చప్పుడు గదంతా పరుచుకుంది. ఆ చప్పుడు అడుగున ఎక్కడో ఆవిడ మాట్లాడుతోందని తెలిసినవాళ్ళు ఆ గదిలో ఇద్దరేనని థోవా అనుకుంది, తను, ఖియెమ్. చుట్టాలు మాంసం కూరవైపు చూస్తున్నారు. సీడీ ఆగింది. అగరొత్తుల బూడిద వంగి రాలింది. ఎవరికీ ఏమీ వినపడలేదు.

ముసలాయన మాత్రం స్పీకర్ దగ్గరినుంచి తల ఎత్తి, నేరుగా కోడలి మొహంలోకి చూశాడు. ఆమె వడ్డించే వంకతో వంటింట్లోకి పోయింది.

చుట్టాలు వెళ్ళాక, ఖియెమ్ హ్వే చిన్నత్తని బస్సెక్కించడానికి పోయాడు. ఎండ ఇంకా కాలవ మీద ఉంది. థోవా గిన్నెలు కడుగుతుంటే ముసలాయన ప్లాస్టిక్ పీట తెచ్చుకుని పక్కనే కూర్చున్నాడు. ఒళ్ళో గట్టిపాల డబ్బా. అందులో కొత్త కెపాసిటర్లున్నాయి.

"నీ చేతిపని నాకు తెలీదనుకున్నావా?" అన్నాడు. "ఆవేళ వీధి మొదట్లో ఉండగానే పాట వినపడింది. మీ అమ్మ పోయాక అంత స్పష్టంగా ఎప్పుడూ వినలేదు. పరిగెత్తుకొచ్చాను. వచ్చేసరికి పాట లేదు. నువ్వు ప్లగ్గు పట్టుకుని గోడ పక్కన నిలబడున్నావు."

థోవా చేతిలోని గిన్నె నీళ్ళలోకి జారింది. తల వంచుకుని దానికోసం తడిమింది.

"పాట అయ్యాక అది మాట్లాడుతుంది, నాకు తెలుసు. ఇన్నేళ్ళనుంచీ తెలుసు. చెవి ఆనించి కూర్చునేది అందుకే. నా పేరొక్కటే అందుతుంది, మిగతాదంతా ఆ గుయ్యిలో కలిసిపోతుంది. నా చెవులా, అవీ పోతున్నాయి. అందుకే నీచేత చేయించాను." ఒళ్ళోని డబ్బాని అటూ ఇటూ తిప్పాడు. "ఆ పాట పాడినరోజు రేవులో నేను దాన్ని తిట్టానే అమ్మాయ్. పడవ నిండా మామిడిపళ్ళు, కుళ్ళిపోతున్నాయి. పాటలు పాడి ఎవర్ని ఉద్ధరిస్తావే అని నలుగురిలో అరిచాను. ఏడుస్తూ మెట్లెక్కింది. పైకి పోయి ఆ కొట్టువాడికి నా గురించి ఏం చెప్పుకుందో అని... ఈ మనిషితో నా బతుకు కాలిపోయిందని చెప్పి ఉంటుంది. నువ్వా పెట్టెని కాల్చెయ్యబోయావంటే, అంతకన్నా ఘోరమే అయ్యుంటుంది. నిన్నలా చూసినప్పట్నుంచీ నాకు కంటిమీద కునుకు లేదు."

"అయ్యో, అది కాదు నాన్నా!"

"అయితే ఏమందో చెప్పు. నీకు వినపడిందిగా. దాని తద్దినం ఇవాళ, ఇవాళ నాతో అబద్ధం చెప్పకు."

థోవా తడిచేతులు గుడ్డకి తుడుచుకుంది. మళ్ళీ తుడుచుకుంది. ఆయన ఛాతీవైపే చూస్తోంది, చొక్కా కింద అది ఎలా కొట్టుకుంటోందో కనపడుతుందేమోనని. చెప్తే ఆగిపోతుందేమో. చెప్పకపోతే ఈయన ఆ పీటమీద చెవి ఆనించుకుని, తిట్టిందనే అనుకుంటూ, అలాగే పోతాడు. ఆమెకి రెండూ భయమే. చివరికి ఒక్కొక్కమాటే, అత్తగారు అన్నది అన్నట్టుగా చెప్పింది. నెత్తురు సంగతి, వైద్యుడి సంగతి, పడవ సంగతి. ఆఖరి మాట దగ్గర ఆగింది. ఆయన చెయ్యి చాపి ఆమె మణికట్టు పట్టుకున్నాడు.

"అను."

"పడవ లేకపోతే ఆ మనిషి బతకడు. నేను లేకపోయినా ఎలాగో బతుకుతాడు... అంది."

ముసలాయన కదల్లేదు. థోవా ఆయన చేతిని రెండు చేతులతో పట్టుకుని, పక్కింటివాళ్ళని కేకెయ్యడానికి నోరు తెరిచింది.

"ఎంత తప్పుగా అనుకుందే పిచ్చిది," అన్నాడు ఆయన. కళ్ళు నీళ్ళతో నిండిపోయి, చెంపలమీదికి కారాయి. తుడుచుకోలేదు. "ఆ పడవ మొహం చూడలేక నెల తిరక్కుండా ఇచ్చేశాను. పడవ లేకుండా ఇన్నేళ్ళు బతికానే. మీ అమ్మ గొంతు లేకుండా ఒక్క పూట ఉండలేకపోయాను. నాకు చెప్పి ఉంటే..."

ఆ మాట పూర్తి చెయ్యలేదు. ఏడుపు ఆగాక పాలడబ్బా తీసి ఆమె చేతిలో పెట్టాడు.

"ఇవి మళ్ళీ పెట్టు."

"వద్దు నాన్నా. నా నోటివెంట విన్నారుగా, చాలు. అమ్మ గొంతులో వింటే మీ గుండె..."

"తిట్టిందేమో అనుకుంటూనే కొట్టుకుంది ఇన్నాళ్ళూ. ఇప్పుడేం ఆగదులే. ఆగితే ఆగనీ. మా ఆవిడ నాతో మాట్లాడితే నేను వినొద్దా?"

ఆయన గోడ పట్టుకుని లేచి గదిలోకి వెళ్ళాడు. బూడిదరంగు పెట్టెలోంచి ఎర్రదారం ప్లగ్గుని తనే పీకి, సాకెట్‌కి అందనంత దూరంగా బల్లమీద పెట్టాడు. పీట తెచ్చి స్పీకర్ పక్కన వేసుకుని కూర్చున్నాడు.

"టీ పెట్టు," అన్నాడు. "అది తాగాకే ముట్టుకోవాలన్నావుగా."

థోవా పొయ్యి వెలిగించింది. అగ్గిపుల్ల రెండుసార్లు ఆరిపోయింది. మూడోది అంటుకున్నాక, నీళ్ళు మూడు గ్లాసులకి పోసి, ఒకటి ఫోటో ముందు పెట్టడానికి పక్కన ఉంచింది.